పదకొండు తెల్లగుడ్డలు

పోయిన నెల సెలవులకి వచ్చిన మా మనవరాలు నాకు మేలు చేద్దామనుకుని ఒక పని చేసింది. నేను షాంటిలీలో ఒక్కదాన్నే ఉంటాను. మా అమ్మాయి కుటుంబం బెంటన్‌విల్‌లో ఉంటుంది. రోజూ పొద్దున ఏడింటికల్లా నేను లేచినట్టు ఫోన్‌లో మెసేజ్ పెట్టాలని మా అమ్మాయి నియమం పెట్టింది. పెట్టకపోతే ఫోన్ చేస్తుంది, ఎత్తకపోతే మా పక్కింటి ఆవిడని పంపిస్తుంది. మనవరాలు నా ఫోన్ తీసుకుని రెండు నిమిషాలు ఏదో నొక్కి, తిరిగి నా ఒళ్ళో పెట్టింది.

"అమ్మమ్మా, ఇంక నువ్వు టైప్ చెయ్యక్కర్లేదు. ఎవ్రీ డే సెవెన్‌కి అదే వెళ్ళిపోతుంది. నువ్వు పడుకోవచ్చు."

తీసెయ్యమన్నాను. ఎందుకు, అదీ ఇదీ ఒకటే కదా అంది. తీసెయ్యమన్నానా అని అరిచాను. దాని మీద నేను గొంతెత్తడం అదే మొదటిసారి. ముఖం చిన్నబుచ్చుకుని తీసేసింది. ఎందుకో తర్వాత చెబుతానన్నాను కానీ, అది విమానం ఎక్కేదాకా చెప్పలేకపోయాను. అందుకే రాస్తున్నాను. తెలుగు నాకు పుట్టినప్పటినుంచీ నోట్లో ఉన్నా, అక్షరాలు చేతికి వచ్చి మూడేళ్ళే అయింది. ఆదివారం తరగతిలో చిన్నపిల్లల బల్ల మీద కూర్చుని దిద్దుకున్నాను. చదువుకున్నదంతా ఇంగ్లీషులో. ఆ భాషలో ఈ సంగతి చాలాసార్లు మొదలుపెట్టి చించేశాను.

నా చిన్నతనం ఈ అమెరికా దేశపు పడమటి ఎడారిలో గడిచింది. మా ఊరికి ఒక పేరుండేది. ఇప్పుడు ఏ బోర్డు మీదా లేదు కాబట్టి నేనూ రాయను. అసలు అది ఊరే కాదని కౌంటీవాళ్ళ, అంటే ఇక్కడి జిల్లావాళ్ళ లెక్క. పంచాయతీ లేదు, ప్రెసిడెంటు లేడు, పోలీసు లేడు, ఒక్క వీధిదీపం లేదు. హైవేకి అటూ ఇటూ ఎవరో విసిరేసినట్టు పదకొండు ఇళ్ళు ఉండేవి. అందులో ఒకటి మా మోటెల్. ఆరు గదులు, ముందు ఒక గ్యాస్ పంపు, వెనక మేముండే రెండు గదులు. నాన్న గనుల చదువు చదివి అక్కడి జిప్సం గనిలో ఉద్యోగానికి వచ్చారట. నాకు ఊహ తెలిసేసరికే గని మూతపడింది. మోటెల్ ఆయన విసిగిపోయి తాళాలు నాన్న చేతిలో పెట్టి వెళ్ళిపోయాడు. నాన్న ఉండిపోయారు.

అమ్మ గోదావరి కాలవ గట్టున పుట్టిన మనిషి. కాపురానికి వచ్చిన రోజున కారు దిగి నాలుగు దిక్కులా చూసి, దూరంగా ఉన్న ముళ్ళచెట్టు దగ్గరికి నడిచిందట. "ఏవండీ, ఇది మన సర్కారు తుమ్మే కదండీ. ఇంత దూరం ఎలా వచ్చిందో పాపం" అంటే, నాన్న నవ్వి, ఇది ఇక్కడిదే, ఇక్కణ్ణుంచే మనవైపు వలస పోయిందని చెప్పారట. ఆ మాట అమ్మకి నచ్చలేదు. ఆ తర్వాత కూడా ఎవరడిగినా అది మన చెట్టేనని చెప్పేది.

ఆ ఎండని అమ్మ తిట్టుకునేది కాదు, వాడుకునేది. బియ్యప్పిండి వడియాలు పొద్దున పెడితే మధ్యాహ్నానికి గలగలలాడేవి. మిరపకాయలు మోటెల్ కప్పు మీద ఒక్క రోజులో ఎండి, ఆ ఘాటుకి గదుల్లో దిగినవాళ్ళు తుమ్ముకుంటూ బయటికి వచ్చేవాళ్ళు. జెముడు పండ్లు వస్తే ముళ్ళు కాల్చి, పోపు పెట్టి, పుల్లటి పచ్చడి చేసేది. ఏడాదికి రెండుమూడుసార్లు వాన పడేది. అప్పుడు నేలమీది పొదలన్నీ ఒక్కసారిగా తారూ కర్పూరమూ కలిసినట్టు వాసన వేసేవి. ఇక్కడ షాంటిలీలో నెలకి నాలుగు వానలు పడతాయి, ఏ వాసనా రాదు.

ఊరందరికీ తాగే నీళ్ళు ఒక్క బావివే. మిగతా ఎక్కడ తవ్వినా చేదునీళ్ళే, సబ్బు నురగ కూడా వచ్చేది కాదు. ఆ బావి ఊరి చివర దిబ్బ మీద ఒంటరిగా ఉండే ముసలావిడది. అమ్మ ఆవిడని మామ్మగారు అనేది. నేనూ అలాగే పిలిచేదాన్ని. ఆవిడ భర్త తవ్వించిన బావి, ఆయన పెట్టిన ట్యాంకు. అక్కణ్ణుంచి పదకొండు ఇళ్ళకీ ఊళ్ళో మగవాళ్ళే గొట్టాలు వేసుకున్నారు. కాగితం లేదు, సంతకం లేదు. రోజూ మధ్యాహ్నం పంపు మీట ఆవిడే వేసేది. నీళ్ళు వచ్చేవి.

తెల్లగుడ్డల పద్ధతి పెట్టింది కూడా మామ్మగారే. మేం రాకముందు ఒక ముసలాయన ఇంట్లోనే పోతే నాలుగో రోజుకి గానీ తెలియలేదట. అప్పటినుంచి ప్రతి ఇంటి ముందూ ఒక ఇనప గొట్టం పాతారు. పొద్దు పొడవగానే ఇంట్లోవాళ్ళు తమ చేత్తో దానికి తెల్లగుడ్డ కట్టాలి, పొద్దు గుంకగానే దించాలి. గుడ్డ కనబడకపోతే దగ్గరివాళ్ళు వెళ్ళి తలుపు తట్టాలి. కట్టడం కన్నా దించడం ముఖ్యమని మామ్మగారు పిల్లలకి మరీమరీ చెప్పేది. సాయంత్రం దించని గుడ్డ పొద్దున్న అబద్ధం చెబుతుందనేది.

మా నాన్న రోజూ కాఫీ గ్లాసుతో మోటెల్ మెట్ల మీద నిలబడి, ఒకటి రెండు మూడు అని తెలుగులో పైకి లెక్కపెట్టేవారు. నాకు తెలుగు అంకెలు అలాగే వచ్చాయి. పదకొండు అన్నాకనే కాఫీ తాగేవారు.

హైవేకి అవతల ఒక పాత గని కార్మికుడు ఉండేవాడు. పెళ్ళీ పిల్లలూ లేరు, సగం ఊపిరితిత్తి లేదు, కానీ ముక్కు బ్రహ్మాండంగా పనిచేసేది. అమ్మ వడియాలు వేయించిన రోజున ఆయన గుడ్డ కట్టేవాడు కాదు. నాన్న పది దగ్గర ఆగిపోయి కంగారుగా నన్ను పంపేవారు. చూస్తే ఆయన గుమ్మంలో కుర్చీ వేసుకుని, మీ అమ్మ ఒట్టి చేతులతో పంపిందా అని అడిగేవాడు. మూడోసారికి అమ్మకి ఒళ్ళు మండింది. "ఆకలేస్తే నల్లగుడ్డ కట్టుకోమనండి. చావలేదని తెలుస్తుంది, పళ్ళెం పంపుతాను" అంది. నాన్న అది ఇంగ్లీషులోకి మార్చి చెబితే ఆయన దగ్గొచ్చేదాకా నవ్వి, నిజంగానే ఒక నల్ల మేజోడు తెచ్చి కట్టాడు. తర్వాత చాలా రోజులు గొట్టానికి తెల్లగుడ్డ, నల్లమేజోడు రెండూ ఎగిరేవి. ఊళ్ళో అందరూ నవ్వుకున్నారు కానీ మామ్మగారు నవ్వలేదు. గుడ్డతో ఆటలాడితే గుడ్డని ఎవరూ నమ్మరని ఆయన్ని వాకిట్లో నిలబెట్టి చీవాట్లు పెట్టింది. నేనప్పుడు పక్కనే ఉన్నాను.

నాకు పదేళ్ళప్పటి వేసవిలో మామ్మగారి కుడిభుజం పట్టేసింది. చెయ్యి పైకి లేవకుండా పోయింది. అమ్మ వారానికోసారి వెళ్ళి, నువ్వులనూనెలో వాము కాచి, భుజానికి రాసి వచ్చేది. ఊళ్ళో ఇంకెవరికీ ఆ సంగతి తెలియకూడదని మామ్మగారు అమ్మ దగ్గర మాట తీసుకుంది. తెలిస్తే పట్నంలో ఉన్న మేనల్లుడు వచ్చి వృద్ధాశ్రమానికి తీసుకుపోతాడని ఆవిడ భయం. మరి గుడ్డ ఎలా కడుతుందని అమ్మ అడగలేదు. కట్టేదాన్ని నేను. రోజూ ఆరింటికి కోడిగుడ్లు తేవడానికన్న వంకతో దిబ్బ ఎక్కేదాన్ని. మామ్మగారు రెండు కప్పుల్లో కోకో కలిపి ఉంచేది. తాగి, గుడ్డ కట్టి, నాలుగు గుడ్లు పట్టుకుని వచ్చేదాన్ని. సాయంత్రం మళ్ళీ వెళ్ళి దించేదాన్ని. ఇది మన ఇద్దరి మధ్య ఉండాలి అంది. ఒక పెద్దమనిషి రహస్యం నా దగ్గర ఉందని నాకు నేల మీద కాళ్ళు ఆగలేదు.

అదే వేసవిలో నాన్న ఒక కాగితం తయారుచేస్తున్నారు. మామ్మగారికి ఏదైనా అయితే బావి మేనల్లుడిదవుతుంది. అతనికి మాతో సంబంధం లేదు. బావి మొత్తం ఊరివాళ్ళదని ఆవిడ ఒక సంతకం పెడితే పదకొండు ఇళ్ళూ నిలబడతాయి. ఆవిడ ఎప్పుడో ఒప్పుకుంది. కాగితం పట్టుకుని బుధవారం రమ్మంది. నాన్నకి మాత్రం అలా ఒక్కరే వెళ్ళి ముసలావిడ చేత సంతకం పెట్టించుకుని రావడం మర్యాదగా అనిపించలేదు. కాగితంలో రెండు కొట్టివేతలు కూడా ఉన్నాయి. ఇంకోసారి చక్కగా టైపు చేయించి, ఆదివారం అందరినీ పిలిచి, పులిహోర పెట్టి, అందరి ముందూ సంతకం చేయిద్దామన్నారు. అమ్మ చింతపండు, నిమ్మకాయలు కూడా తెప్పించింది.

గురువారం సాయంత్రం మా మోటెల్‌లో ఒక కుటుంబం దిగింది. కారు వేడెక్కి ఆగిపోయిందట. వాళ్ళకి నా ఈడు పిల్ల ఒకతి ఉంది. మా ఊళ్ళో నా ఈడు పిల్లలు లేరు. బడి బస్సులో గంట ప్రయాణం, అక్కడున్న స్నేహితులు అక్కడే ఉండిపోయేవాళ్ళు. ఆ పిల్ల నా జడ పట్టుకుని చూసి, ఇది నీ జుట్టేనా అని అడిగింది. అంతే, నేను దానికి దాసోహం. పాత గని దగ్గర చెత్తలో దొరికే గాజుసీసాలు ఎన్నో ఏళ్ళ ఎండకి ఊదారంగుకి తిరిగి ఉండేవి. వాటిని చూపిస్తానన్నాను. ఎండ ముదిరితే అటు వెళ్ళలేం, వెళ్తే తెల్లవారుతూనే వెళ్ళాలి. పదింటికి వాళ్ళు వెళ్ళిపోతారు.

ఆ సాయంత్రం నేను గుడ్డ దించలేదు. మరిచిపోలేదు. దిబ్బ కింద నిలబడి దాన్ని చూశాను. ఇప్పుడు దించకపోతే రేపు పొద్దున్న ఎక్కి కట్టక్కర్లేదు కదా అని లెక్క వేసుకున్నాను. ఒక్క రోజుకి ఏమవుతుందని వెనక్కి తిరిగాను.

శుక్రవారం పొద్దున్న ఇద్దరం గని దగ్గర పదిహేను సీసాలు ఏరాం. దానికి అన్నిటికన్నా ముదురు రంగుది ఇచ్చేశాను. తిరిగి వచ్చేసరికి నాన్న మెట్ల మీద పదకొండు అని కాఫీ తాగుతున్నారు. అమ్మ గుడ్లేవే అంది.

"ఎండకి పెట్టలేదంది మామ్మగారు" అన్నాను.

అమ్మ సరేలే అంది. ఆ మాట అనడానికి నేను ఒక్క క్షణం కూడా తడుముకోలేదు. ఇప్పటికీ నాకు నచ్చనిది అదే. పదింటికి ఆ పిల్ల కారు వెనకద్దంలోంచి చెయ్యి ఊపుతూ వెళ్ళిపోయింది. ఉత్తరం రాస్తానంది, రాయలేదు. నేనేమీ అనుకోలేదు.

మధ్యాహ్నం మూడింటికి కుళాయిల్లో నీళ్ళాగి గాలి బుసకొట్టింది. కరెంటు పోయిందేమో అనుకున్నారు. నాలుగింటికి నాన్న దిబ్బ ఎక్కారు. గుడ్డ ఎగురుతూనే ఉంది. మామ్మగారు వంటగదిలో నేల మీద ఉంది. తుంటి విరిగింది. పెదవులు పగిలి నెత్తురు కట్టాయి. కిటికీలోంచి గుడ్డ నీడ గోడ మీద పడి కదులుతోందని, తను వెళ్ళేసరికి ఆవిడ దానివంకే చూస్తోందని నాన్న అమ్మకి చెప్పారు. బల్ల మీద రెండు కప్పులు ఉన్నాయని కూడా చెప్పారు. ఇద్దరికి ఎందుకు పెట్టుకుందోనని ఆయన ఆశ్చర్యపోయారు. అమ్మ నా ముఖం చూసింది. నేను గిన్నెలు కడగడానికి వెళ్ళాను, నీళ్ళు లేవని మరిచిపోయి.

ఆస్పత్రి గంటన్నర దూరం. శనివారం నాన్న వెళ్ళారు. కాగితం చొక్కా జేబులోనే ఉందట, బయటికి తీయడానికి సిగ్గేసిందట. ఆవిడే మాట్లాడింది.

"పొద్దున్న లేచి గుడ్డ నా చేత్తో నేనే కట్టాను. లోపలికొచ్చాక కాలు జారింది. గుడ్డ చూసి మీరంతా బాగున్నాననుకున్నారు, ఎవరి తప్పూ లేదు. పిల్లకి కూడా చెప్పు" అందట.

పిల్లకి కూడా చెప్పమందని నాన్న నాకు చెప్పారు. నువ్వంటే ఆవిడకి ఎంత ప్రేమో చూడు అని కళ్ళు తుడుచుకున్నారు. ఆదివారం మధ్యాహ్నం ఆవిడ పోయింది. అమ్మ పులిహోరకని తెప్పించిన చింతపండు పడేసింది.

నేను ఆ మాటని ఇన్నేళ్ళుగా తిప్పి తిప్పి చూశాను. నన్ను కాపాడడానికి అందా? లేక భుజం సంగతి చివరిదాకా ఎవరికీ తెలియకూడదని అందా? ఆస్పత్రి మంచం మీద కూడా, ఎలాగో లేచి ఇంటికి వెళ్తానని అనుకుందేమో. రెండూ అయి ఉండవచ్చు. క్షమించిందనుకుంటే నాకు హాయిగా ఉంటుంది, అందుకే ఆ అర్థాన్ని నేను పూర్తిగా నమ్మను.

మేనల్లుడు చెడ్డవాడు కాదు. వచ్చి అందరితో మర్యాదగా మాట్లాడాడు. పాత గొట్టాలు, పదకొండు ఇళ్ళ నీళ్ళకి పూచీ తను పడలేనన్నాడు. పంపు గదికి తాళం వేశాడు. కొన్నాళ్ళు లారీలో నీళ్ళు తెప్పించుకున్నాం. మగవాళ్ళు గడ్డాలు గీసుకోవడం మానేశారు, గదుల దుప్పట్లు ఉతకడం తగ్గించాం, దాంతో దిగేవాళ్ళు తగ్గారు. నాన్న పొద్దున్నే లెక్కపెడుతూనే ఉన్నారు. పది, ఎనిమిది, ఆరు. గని ముసలాయన వెళ్ళిపోయేటప్పుడు తన నల్లమేజోడు తెచ్చి అమ్మకిచ్చాడు. రెండో వేసవికి మాదొక్కటే గుడ్డ. ఒకటి అని నాన్న కాఫీ తాగారు.

మేం మిచిగన్ బయల్దేరిన రోజు, నాన్న గదులకి తాళాలు వేస్తుండగా అమ్మ మా గొట్టానికున్న గుడ్డ విప్పి మడత పెడుతోంది. మామ్మగారు పోయినప్పటినుంచి మా గుడ్డ అమ్మే కట్టేది, నన్ను ముట్టుకోనివ్వలేదు. నావైపు చూడకుండానే అంది.

"ఆ చెయ్యి చెవిదాకా కూడా లేచేది కాదే. నూనె రాసేదాన్ని నేనే కదా, నాకు తెలీదా?"

నేను ఏడవడం మొదలుపెట్టాను.

"నాన్నకి చెప్పకు. ఆయన తట్టుకోలేరు. చెప్పాలనిపించినప్పుడల్లా నాకు చెప్పు" అంది.

మిచిగన్‌లోని ఫార్మింగ్టన్ హిల్స్‌లో నాన్న కార్ల విడిభాగాల కంపెనీలో పనిచేశారు. అక్కడ నీళ్ళకి కొదవలేదు, కుళాయి తిప్పితే ధారగా వచ్చేవి. చేతులు కడుక్కుంటూ ఉన్నట్టుండి, "బుధవారమే వెళ్ళాల్సింది" అనేవారు. అతిథులు ఎవరైనా ఉంటే ఆ కథ మొత్తం చెప్పేవారు. పులిహోర కోసం, రెండు కొట్టివేతల కోసం తను ఒక ఊరిని పోగొట్టానని ముగించేవారు. వాళ్ళు అయ్యో, మీ తప్పేముందండీ అనేవారు. నేను పళ్ళాలు తీస్తూ వినేదాన్ని. ఎన్నిసార్లు కారులో మేమిద్దరమే ఉన్నాం, ఎన్నిసార్లు ఇద్దరం కలిసి వాకిట్లో మంచు తోశాం. మామ్మగారు బతికి సంతకం పెట్టేది నాన్నా, ఆ శుక్రవారం పొద్దున ఆరింటికే నేను వెళ్ళి ఉంటే, అని ఒక్క ముక్క చెబితే సరిపోయేది. చెప్పలేదు. పోయే ముందు వారం కూడా ఆయన బుధవారం అన్నారు. నర్సు ఈ రోజు సోమవారమండీ అని సర్దిచెప్పింది.

అమ్మ ముందే పోయింది. ఆవిడకి కూడా నేను ఒక్కసారీ చెప్పలేదు. చెప్పమంది కాబట్టి చెప్పకపోయినా పరవాలేదనిపించేది.

కొన్నేళ్ళ క్రితం ఆ దారిలో వెళ్ళాను. మోటెల్ సిమెంటు గచ్చు మిగిలింది, పగుళ్ళలో అమ్మ చెట్టు మొలిచింది. ట్యాంకు లేదు. ఇనప గొట్టాలు మూడు కనబడ్డాయి. దిబ్బ మీదికి వెళ్ళాను కానీ అక్కడ ఎక్కువసేపు నిలబడలేకపోయాను.

మనవరాలికి ఇది పంపిస్తాను. దానికి తెలుగు చదవడం అంతంతమాత్రం, వాళ్ళమ్మ చదివి వినిపించాలి. అప్పుడు ఇద్దరికీ ఒకేసారి తెలుస్తుంది. మా నాన్న మీద ఇన్నేళ్ళూ జాలిపడిన మా అమ్మాయి ఏమంటుందో నాకు తెలియదు.

ఈ ఉదయం లేచి కళ్ళజోడు వెతుక్కుని మెసేజ్ పెట్టాను. లేచాను, అని ఒకే మాట. అక్షరం తర్వాత అక్షరం నా వేలితోనే నొక్కుతాను కాబట్టి ఆలస్యమవుతుంది. ఏడూ నాలుగయింది. వెంటనే మా అమ్మాయి ఫోన్ చేసి, నాలుగు నిమిషాలు లేటయితే నా గుండె ఆగిపోయిందమ్మా, ఆ ఆటోమేటిక్‌ది పెట్టించుకోవచ్చు కదా అని కసురుకుంది.

కసురుకోనిచ్చాను.